అండర్‌పాస్ పని దగ్గర 40 బోర్డు: ఒక కేస్ స్టడీ

నేను రోడ్ సేఫ్టీ ఇంజినీర్‌ని. తెలంగాణలో ఒక నాలుగు వరుసల జాతీయ రహదారి మీద, ఒక ఊరి జంక్షన్ దగ్గర అండర్‌పాస్ కడుతుండగా మధ్యలో వచ్చి, పని ముగిసేదాకా ఆ సైట్ భద్రత పని చూశాను. ఊరి పేరు, కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాయడం లేదు. 44, 65 నంబర్ల రహదారుల మీద తిరిగేవాళ్ళందరికీ ఈ దృశ్యం తెలిసిందే. నల్లగా నున్నగా సాగుతున్న రోడ్డు ఒక్కసారిగా మట్టి కుప్పతో ఆగిపోతుంది. నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక బాణం గుర్తు, పక్కన గతుకుల సర్వీస్ రోడ్డు, ఎర్ర గుడ్డ ఊపుతూ ఒక మనిషి. వంద మీద వస్తున్న బండిని ఆ గుడ్డతో ఆపాలి అతను.

నన్ను పిలిచింది ప్రమాదం జరిగాక. రాత్రి రెండు గంటలప్పుడు ఒక కారు డ్రమ్ములను గుద్దుకుని లోపలికి వచ్చేసింది. ఫ్లాగ్‌మ్యాన్ పక్కకు దూకాడు కానీ ఒక డ్రమ్ము ఎగిరి వచ్చి కాలికి తగిలింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆ ఊరి మనిషే, యాభై దాటిన వయసు. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే నాకు చెప్పిన మొదటి మాట: "సార్, గా బోర్డు ఎవ్వడు చూస్తడు? నేను గూడ ఎన్నడు చూడలే."

ఆ వేగ పరిమితి బోర్డు మీద 20 అని ఉంది, అంటే గంటకు 20 కిలోమీటర్లు.

మరుసటి రాత్రి డ్రైవర్ పక్కన కూర్చుని ఆ దారిలోనే మూడుసార్లు వెళ్ళాను, చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్. లోబీమ్ లైట్లలో బోర్డు మీది అంకె కనపడిన క్షణం నుంచి బ్యారికేడ్ దాకా సుమారు మూడు సెకన్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు వెళ్తుంది. మూడు సెకన్లంటే 84 మీటర్లు. మన రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్క ప్రకారం 100 వేగంలో డ్రైవర్ చూసి, తేరుకుని, బ్రేకు వేసి ఆగడానికి కావలసిన దూరం 180 మీటర్లు. 80 వేగానికే 120 కావాలి. అంటే బోర్డు చూసి బుద్ధిగా బ్రేకు తొక్కిన డ్రైవర్ కూడా ఆ డ్రమ్ముల్లోకే వస్తాడు. తప్పు డ్రైవర్‌దని ఎఫ్ఐఆర్‌లో రాసుకోవచ్చు, కానీ దూరం చాలదన్న సంగతి కొలిచి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు.

కారు దిగి బోర్డు దగ్గరికి వెళ్ళి చూస్తే దాని మీద సిమెంటు రంగు దుమ్ము మందంగా పేరుకుని ఉంది. మంచినీళ్ళ బాటిల్ సగం పోసి తువ్వాలుతో తుడిచాను. వెనక నుంచి మా డ్రైవర్ హెడ్‌లైట్లు వేయగానే తుడిచినంత మేర తళుక్కున వెలిగింది. మిగతా సగం అలాగే చీకట్లో ఉండిపోయింది. మంచి రిఫ్లెక్టివ్ షీటే వేశారు, డబ్బు కూడా బాగానే పెట్టారు. కడగడానికి మాత్రం ఎవరికీ పని అప్పజెప్పలేదు. ఆ పని పెద్దది కాదని అనుకోవద్దు. తర్వాతి నెలల్లో ట్యాంకర్ రోజూ మట్టి రోడ్డు తడిపాక, ఆ నీళ్ళతోనే బోర్డులు కడిగించడం మా సైట్‌లో మొదటి రూల్ అయింది.

20 ఎందుకు పనిచేయలేదు

కాంట్రాక్టర్ వైపు సేఫ్టీ సూపర్‌వైజర్ వాదన ఏంటంటే, "ఎంత తక్కువ రాస్తే అంత సేఫ్ సార్, 20 రాస్తే కనీసం 50కైనా తగ్గిస్తారు." చాలా సైట్లలో ఇదే నమ్మకం. మరునాడు పగలు ఆ బోర్డు పక్కనే రెండు గంటలు నిలబడ్డాను. ట్రాక్టర్లు, ఒక ఎడ్లబండి తప్ప 20 లోపు వెళ్ళిన బండి ఒక్కటీ లేదు. ఒకవేళ ఎవరైనా నిజంగా 20కి తగ్గిస్తే వెనక వస్తున్న లారీ అతన్ని గుద్దేస్తుంది. బోర్డును నమ్మిన మనిషికే ప్రమాదం తెచ్చే బోర్డు అది.

డ్రైవర్లు మూర్ఖులు కారు. రోజూ రోడ్డు మీదే బతికే లారీ డ్రైవర్‌కి బోర్డుల సంగతి మనకంటే బాగా తెలుసు. పని ఎప్పుడో అయిపోయినా తీయని బోర్డులు, మనిషే లేని చోట 'పనివాళ్ళున్నారు' బోర్డులు, మూడు కిలోమీటర్లు పొడుగునా 30 అని రాసి చివర్లో ఒక చిన్న గుంత... ఇవన్నీ చూసి చూసి అతను బోర్డు చదవడం మానేశాడు. మళ్ళీ చదివించాలంటే ముందు మనం అందులో నిజం రాయాలి. ఈ కేసులో నేను చేసిన పనంతా ఈ ఒక్క మాట మీదే నడిచింది.

ఇతర దేశాల అనుభవమూ ఇలాగే ఉంది. బ్రిటన్ మోటార్‌వేల మీద పనులు జరిగే చోట చాలాకాలం గంటకు 50 మైళ్ళు, అంటే మన లెక్కలో 80 కిలోమీటర్ల పరిమితి ఉండేది. అక్కడ లారీలకు 56 మైళ్ళ దగ్గర స్పీడ్ లిమిటర్ ఉంటుంది. కార్లు 50 దగ్గర బుద్ధిగా వెళ్తుంటే లారీలు వెనక అంటుకుని వచ్చేవి. 2020లో హైవేస్ ఇంగ్లండ్ సంస్థ ట్రయల్స్ చేసి, సురక్షితమైన చోట్ల పరిమితిని 60 మైళ్ళకు పెంచుకోవచ్చని చెప్పింది. 60 దగ్గర లారీలకు దూరంగా జరగగలుగుతున్నామని, అదే నయంగా ఉందని కొందరు డ్రైవర్లు అన్నారు. మన సర్వీస్ రోడ్డుకి ఆ అంకెలు వర్తించవు. కానీ అంకె పెట్టేటప్పుడు బండ్ల మధ్య వేగం తేడా చూడాలన్నది ఇక్కడా అంతే నిజం.

అంకె మార్చే ముందు రోడ్డు మార్చాం

మెయిన్ రోడ్డు నుంచి సర్వీస్ రోడ్డులోకి తిప్పే మలుపు మొదట దాదాపు లంబకోణంలా ఉండేది. అక్కడ 20కి మించి వెళ్ళడం నిజంగానే కష్టం. అందుకే ముందు మలుపును సాగదీశాం. ఇంకా తవ్వని మెయిన్ రోడ్డులో మరికొంత భాగం మూసి, కోన్లు, డ్రమ్ములతో వాలుగా గీత పట్టి, బండిని నిదానంగా పక్కకు తెచ్చే టేపర్ పెట్టాం. సర్వీస్ రోడ్డు అంచుల్లో మట్టి తీసి కంకర వేసి, తారు పరిచాం. పనివాళ్ళ వైపు డ్రమ్ముల వరుస తీసేసి కాంక్రీట్ క్రాష్ బ్యారియర్లు ఒకదానికొకటి బిగించి పెట్టాం. డ్రమ్ము దారి చూపిస్తుందే గానీ మనిషిని కాపాడదు. మా ఫ్లాగ్‌మ్యాన్ కాలు విరగ్గొట్టింది డ్రమ్మే.

ఇవి చేయించడానికి కాంట్రాక్టర్‌తో పెద్ద గొడవే అయింది. "ఎస్టిమేట్‌లో ఇంత లేదు" అన్నారు. రోడ్డు పనులు జరిగే చోట ట్రాఫిక్ గురించిన మార్గదర్శకాల పుస్తకం, ఐఆర్‌సీ ఎస్‌పీ 55, ముందు పెట్టాను. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో వచ్చిన 198ఏ సెక్షన్ కూడా చదివి వినిపించాను. భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల చావో, అంగవైకల్యమో కలిగితే కాంట్రాక్టర్‌కి, కన్సల్టెంట్‌కి, రోడ్డు బాధ్యత ఉన్న సంస్థకి లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కన్సల్టెంట్ అనే మాట దగ్గర నేను ఆగి, "ఇందులో నేనూ ఉన్నాను" అన్నాను. ఆ తర్వాతే మాటలు ముందుకు సాగాయి.

మలుపు మారాక 40 అనేది ఆ రోడ్డుకి సరిపడే అంకె అయింది. 2018 ఏప్రిల్ కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠంగా 100, లారీలకు 80. ఒక్కసారిగా 100 నుంచి 40కి దింపితే ఎవరూ దిగరు. కిలోమీటరున్నర ముందే పని జరుగుతోందని బోర్డు, ఒక కిలోమీటరు దగ్గర 80, ఆరు వందల మీటర్ల దగ్గర 60, రెండు వందల యాభై దగ్గర 40 పెట్టాం. ప్రతి బోర్డూ రెండు వైపులా, అంటే ఎడమ అంచున ఒకటి, డివైడర్ మీద ఒకటి. మన రోడ్ల మీద లారీ ఏ వరుసలో వెళ్తుందో చెప్పలేం. ఒక వైపే బోర్డు పెడితే లారీ పక్కన వెళ్తున్న కారుకి అది కనపడనే కనపడదు.

ఇక్కడ మేం ఒక తప్పు చేశాం. రంబుల్ స్ట్రిప్స్, అంటే బండి కుదిపి హెచ్చరించేలా రోడ్డుకి అడ్డంగా వేసే పట్టీలు, మందంగా వేశాం, అదీ ఇళ్ళకు దగ్గరగా. ఖాళీ టిప్పర్లు వాటి మీద నుంచి దూకే చప్పుడుకి రాత్రంతా ఊరికి నిద్ర లేదు. బైకుల వాళ్ళు స్ట్రిప్స్ తప్పించుకోవడానికి అంచు మట్టిలోకి దిగుతున్నారు, అది ఇంకా ప్రమాదం. ఒక పెద్దావిడ సైట్ ఆఫీసుకి వచ్చి, "బిడ్డా, మా మనుమరాలికి పరీచ్చలున్నయి, గా గడగడ బంజెయ్యి" అంది. వారంలోపు వాటిని తీసేసి, పలుచని పట్టీలు ఇళ్ళకు దూరంగా, 60 బోర్డు దగ్గరికి మార్చాం. అంచు దాకా వేయకుండా బైకులకు సందు వదిలాం.

వరి కోతలప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఏళ్ళుగా ఆ సర్వీస్ రోడ్డు మీదే ఊరివాళ్ళు వడ్లు ఆరబోసుకుంటారు, చుట్టూ రాళ్ళు పెడతారు. ఇప్పుడు దాని మీదే హైవే ట్రాఫిక్ నడుస్తోంది. రాత్రిపూట ఆ రాళ్ళు కనపడవు. పోలీసులతో ఖాళీ చేయించడం తేలికే, కానీ వడ్లు తడిస్తే రైతు పని అయిపోతుంది. క్యాంపు పక్కన చదును చేసిన స్థలం ఇప్పించి, టార్పాలిన్లు ఇచ్చాం. రెండు రోజులు సణిగి అందరూ అక్కడికి మారారు.

చలాన్ ఏ లిమిట్ మీద?

రోడ్డు సిద్ధమయ్యాక సీఐ గారిని కలిసి స్పీడ్ గన్ పెట్టమని అడిగాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు: "వెయ్యమంటే వేస్తా సార్. ఏ లిమిట్ మీద వెయ్యాలి? నా మెషీన్‌లో ఈ స్ట్రెచ్‌కి 80 ఉంది. మీ 40 ఎవరిచ్చారు?"

సరైన ప్రశ్న. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం ఒక చోట వేగం తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదో, ప్రభుత్వం అధికారమిచ్చిన అథారిటీదో. గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి, తగిన చోట బోర్డులు పెట్టాలి. రెండూ ఉండాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆ పరిమితి నెలకు మించి ఉండకపోతే గెజిట్ అక్కర్లేదు. రోడ్డు పనుల వాళ్ళలో చాలామంది తెలిసో తెలియకో ఈ నెల రోజుల సందులోనే బతుకుతారు. మూడు రోజుల ప్యాచ్ వర్క్‌కి అది సరిపోతుంది. ఏడాది దాటే అండర్‌పాస్‌కి ముప్పై ఒకటో రోజు నుంచి ఆ 40 బోర్డుకి చట్టం దన్ను ఉండదు. పైగా నెలలోపైనా నిర్ణయం అధికారం ఉన్నవాళ్ళే తీసుకోవాలి, కాంట్రాక్టర్ పెయింటర్‌తో రాయించి పాతితే సరిపోదు. అలాంటి బోర్డు చూపించి చలాన్ వేశాక ఎవరైనా కోర్టుకి వెళ్తే మన దగ్గర చూపించడానికి కాగితం లేదు. బ్రిటన్‌లో ఇలాంటి పనుల కోసం 1984 నాటి చట్టం కింద తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు, అది సాధారణంగా 18 నెలల వరకు నిలుస్తుంది. మన చట్టంలో అలా పెద్ద పనులకంటూ మధ్యే దారి లేదు. ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఫైలు కదిలించాం. సీఐ గారు ఎస్పీ ఆఫీసు ద్వారా, మేము రహదారి అధికారుల ద్వారా. ఆ తిరుగుడంతా ఇక్కడ రాయను, ప్రభుత్వ ఆఫీసుల్లో తిరిగినవాళ్ళకు తెలిసిందే. నోటిఫికేషన్ వచ్చింది. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు, ఏ వైపు, ఎంత వేగం అన్నీ అందులో స్పష్టంగా ఉన్నాయి.

ఆ స్పష్టతే తర్వాత మాకు ముల్లయింది. రెండో దశలో తవ్వకం ముందుకు జరిగినప్పుడు డైవర్షన్ మొదలు కూడా రెండు వందల మీటర్లు జరిగింది. బోర్డులు పనితో పాటు జరిగాయి, కాగితం మాత్రం పాత చోటే ఉంది. ఇది గమనించింది నేను కాదు, స్పీడ్ గన్ పట్టుకునే కానిస్టేబుల్. కిలోమీటరు రాయి చూసి, "సార్, మనం నోటిఫికేషన్ బయట ఉన్నాం" అన్నాడు. అదే రోజు చలాన్లు ఆపించాం. సవరణ వచ్చేదాకా గన్ మెయిన్ రోడ్డు మీద పాత 80 చూసుకుంది. ఇప్పుడు నేను రాసే ప్రతిపాదనల్లో పని మొత్తం జరిగే పొడవంతా కలిపి అడుగుతాను. ఆ హద్దుల లోపల బోర్డులు ఎక్కడ నిలబెడితే అక్కడ పరిమితి వర్తించేలా, మెయిన్ రోడ్డు తెరిచిన రోజు దానంతటదే ముగిసేలా రాస్తాను.

గన్ ఎక్కడ పెట్టాలన్న దాని మీద సీఐ గారికీ నాకూ రెండు రోజులు చర్చ. ఆయన లోపల, 40 దగ్గర పెడదామన్నారు, ఎక్కువ మంది దొరుకుతారని. అక్కడ గన్ చూసి ఎవడైనా సడన్ బ్రేకు వేస్తే టేపర్‌లోనే గుద్దుకుంటారు. చివరికి 60 బోర్డు దాటాక, 40 బోర్డు కంటే బాగా ముందు పెట్టాం. అక్కడ తగ్గించినవాడు లోపల ఎలాగూ తగ్గుతాడు. జీపుని చెట్టు చాటున కాకుండా లైట్లు వెలిగించి బయటే నిలబెట్టమని అడిగాను. ఎలక్ట్రానిక్ నిఘా గురించి 2021లో వచ్చిన 167ఏ రూల్ కూడా ముందుగా హెచ్చరిక బోర్డు పెట్టాలనే చెబుతోంది. ఆ రూల్ వచ్చినప్పుడు చలాన్ నోటీసుకి నేరం జరిగిన రోజు నుంచి 15 రోజుల దాకా గడువు పెట్టారు. చట్టంలో వేగానికి జరిమానా కారుకి 1,000 నుంచి 2,000, లారీ లాంటి పెద్ద బండికి 2,000 నుంచి 4,000. ఆ మెసేజ్ ఫోన్‌కి వచ్చేసరికి డ్రైవర్ ఏ నాగపూర్‌లోనో ఉంటాడు. ఈ రాత్రి మా మనిషిని కాపాడేది ఆ మెసేజ్ కాదు, కళ్ళముందు కనపడే ఆ నీలం, ఎరుపు లైట్లే. సీఐ గారు ఒప్పుకున్నారు. రాత్రి పన్నెండు నుంచి నాలుగు మధ్య జీపు ఉండేలా డ్యూటీ కూడా మార్చారు.

ఒక చోట బండిని పట్టుకోవడం కంటే రెండు చోట్ల నంబర్ ప్లేటు చదివి మధ్యలో పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కగట్టడం మేలు. బ్రిటన్‌లో పనుల దగ్గర ఇది మామూలే. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా 2024 నుంచి సగటు వేగం చూసే కెమెరాలున్నాయి. మాలాంటి సైట్‌కి అది ఇంకా రాలేదు. జీపు దాటగానే మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళని కొందరిని చూశాను. వాళ్ళని ఆపింది లోపలి రోడ్డు వెడల్పే.

ఆలస్యం గురించి ఫిర్యాదులు వచ్చాయి. 40 ఉన్న భాగం తొమ్మిది వందల మీటర్లు. 100 మీద వెళ్తే 32 సెకన్లు, 40 మీద వెళ్తే 81 సెకన్లు. తేడా 49 సెకన్లు. ఢీకొంటే మాత్రం 100 మీద ఉన్న బండిలోని శక్తి 40 మీద ఉన్నదానికి ఆరు రెట్ల పైన. ఈ లెక్కను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి సైట్ ఆఫీసు గోడకి అంటించాను. ఫిర్యాదు చేయడానికి వచ్చిన బస్సు యజమాని ఒకాయన దాన్ని ఫోటో తీసుకుని వెళ్ళాడు.

తర్వాత

కార్లు 40 బోర్డు దగ్గర 40కి రాలేదు. ఎక్కువ భాగం 50 అటూ ఇటూ నడిచాయి. నాకది సమ్మతమే, ఎందుకంటే టేపర్ అంత వేగాన్ని తట్టుకునేలా ఉంది. కాంక్రీట్ బ్యారియర్‌కి రెండు సార్లు బండ్లు రాసుకున్నాయి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పని ముగిసేదాకా వాహనం తగిలి పనివాళ్ళెవరూ గాయపడలేదు. ఒక్క సైట్‌ని బట్టి ఇదంతా మా వల్లే అని చెప్పలేను. రాంగ్ రూట్‌లో వచ్చే ఊరి బైకుల్ని మాత్రం చివరిదాకా పూర్తిగా ఆపలేకపోయాం. వాళ్ళకి పెట్రోల్ బంకు దగ్గర దాటే దారి ముందే ఇచ్చి ఉండాల్సింది. నాకది ఐదో నెలలో తట్టింది.

విరిగిన కాలు అతుక్కున్నాక పాత ఫ్లాగ్‌మ్యాన్ మళ్ళీ పనికొచ్చాడు. ఎర్ర గుడ్డ ఇవ్వలేదు. బోర్డుల బాధ్యత మొత్తం అతనికి అప్పజెప్పాం. 40 బోర్డు మలుపు కోసం పెట్టింది కాబట్టి ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. 'పనివాళ్ళున్నారు' బోర్డు, గర్డర్లు ఎత్తే రోజుల్లో అదనంగా పెట్టే 30 బోర్డు మాత్రం పని ఉన్నప్పుడే కనపడాలి. పని ఆగగానే గోనె సంచి తొడిగి తాడు కట్టేవాడు, మొదలవగానే విప్పేవాడు. ఆదివారాలు కూడా వచ్చి ఒకసారి చూసి వెళ్ళేవాడు.

మెయిన్ రోడ్డు తెరిచే రోజు సాయంత్రం బోర్డులన్నీ ట్రాక్టర్‌లోకి ఎక్కించాం. లిస్టు ప్రకారం లెక్క సరిపోయింది. ఫోటోలు తీసుకుంటున్నారు, స్వీట్లు పంచుతున్నారు. అతను ట్రాలీ పక్కన నిలబడి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ, "సార్, హైదరాబాద్ దిక్కు డివైడర్ మీద 60 ఒకటున్నది. చెట్టు కొమ్మ అడ్డమొస్తదని మనం యాభై మీటర్లు జరిపినం, లిస్టుల ఎక్కియ్యలే" అన్నాడు. ట్రాక్టర్ తిప్పుకుని ఇద్దరం వెళ్ళాం. అక్కడే ఉంది, తుడిచి శుభ్రంగా. పలుగుతో పీకి ట్రాలీలో వేసుకున్నాక బ్యారికేడ్లు తీయమని ఫోన్ చేశాను.